ఆపే ముందు రెండు నిమిషాలు

బయలుదేరే ముందు

కోనసీమ ఎలా ఉందని అడిగినవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఇది: కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఫొటోల్లో చూసినన్ని ఉన్నాయి, తక్కువేం లేవు. కాబట్టి వాటి గురించి ఇక రాయను.

మాది వినుకొండ దగ్గర ఒక మెట్ట పల్లె. మా క్రైస్తవ సంఘానికి పదిమంది కూర్చునే డీజిల్ బండి ఒకటి ఉంది. ఆదివారం ఉదయం మూడు పల్లెలు తిరిగి నడవలేనివాళ్ళను ఆరాధనకు తీసుకొస్తుంది. నాలుగేళ్ళు దాన్ని దానియేలు నడిపాడు. పోయిన వేసవిలో ఒకరోజు బండి నీలంగా పొగ వదిలి, చిన్న మిట్ట కూడా ఎక్కలేక నిలబడిపోయింది. మెకానిక్ చూసి టర్బో పోయిందన్నాడు. టర్బో అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. ఖరీదైన వస్తువని మాత్రం బిల్లు చూశాక తెలిసింది.

సంఘ పెద్దలం ముగ్గురం కూర్చున్నాం. నేను కార్యదర్శిని. దానియేలు వేగంగా నడుపుతాడన్నది అందరికీ తెలిసిన సంగతి. వేగంగా నడిపితే యంత్రాలు పాడవుతాయన్నదీ అందరికీ తెలిసిన సంగతే. రెండూ కలిపి తీర్మానం రాసి, సంఘం ముందు విచారణ పెట్టి, అతన్ని తీసేశాం. అతను భార్య పుట్టిల్లయిన రాజోలు వైపు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి బండి నేనే నడుపుతున్నాను. ముప్పై ఏళ్ళ కిందట జీపు మీద నేర్చుకున్న విద్య నాకుంది.

ఇక్కడ మా మందిరం క్రమం ఒకటి చెప్పాలి. ఇతర సంఘాలు కూడా పాటించవచ్చని దీన్ని నేను లోగడ రెండు సభల్లో సిఫారసు చేశాను. బండి వచ్చేసరికి లోపల ప్రారంభ ప్రార్థన జరుగుతూ ఉంటుంది. అందుకని మందిరం గేటు కనిపించగానే ఇంజను ఆపెయ్యాలి. ఆ ఊపుతోనే బండి చప్పుడు లేకుండా లోపలికి జారి చెట్టు కింద నిలబడాలి. నేను పెట్టిన క్రమమే. దానియేలు దీన్ని ఎంత బాగా చేసేవాడంటే, కళ్ళు మూసుకున్నవాళ్ళకు బండి వచ్చిందని తెలిసేది కాదు.

ఈ మధ్య అల్లవరం నుంచి సత్తిరాజుగారనే ఆయన ఫోన్ చేశారు. రొయ్యల చెరువుల రైతు. దానియేలు ఆయన దగ్గర డ్రైవరుగా చేరాలనుకుంటున్నాడట. పాత చోటినుంచి ఉత్తరం తెస్తే పెట్టుకుంటానని ఆయన చెప్పారట. ఉత్తరం నేనే రాశాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది మాకు ఆజ్ఞ. కాబట్టి తీర్మానంలో ఉన్నది ఉన్నట్టు రాశాను: "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి వాహనాన్ని పాడుచేసినందున తొలగించడమైనది." ముగ్గురం సంతకాలు చేశాం.

"అది పోస్టులో వెయ్యొచ్చుగా," అంది నా భార్య సలోమి.

మనిషి బతుకుతెరువుకు సంబంధించిన ఉత్తరం చేతికిచ్చి కారణం చెప్పడం ధర్మమని నేనన్నాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, కోనసీమ తనూ చూడలేదంది. ఆ ఆదివారానికి ఆటో మాట్లాడి పెట్టి, శుక్రవారం తెల్లవారి సంఘం బండిలోనే బయలుదేరాం. ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. చచ్చిపోయిన టర్బో వెనక సీటు కింద గోనెసంచిలో ఉంది. సాక్ష్యంగా ఉంటుందని దాన్ని పారెయ్యనివ్వలేదు.

సిద్ధాంతం వంతెన

గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి బండి ఈల వెయ్యడం మొదలుపెట్టింది. యాక్సిలేటర్ తొక్కితే ఈల, వదిలితే మౌనం.

"బండి పాడుతోంది," అంది సలోమి.

నదిని చూడాలనుకుని రెండు వందల యాభై కిలోమీటర్ల దూరం వచ్చినవాణ్ణి, వంతెన పొడుగునా ఇంజను వేడి చూపే డయల్ మీదే కళ్ళు పెట్టుకుని దాటాను. గోదావరి ఎలా ఉందంటే సలోమినే అడగాలి. బాగుందట.

రావులపాలెంలో రోడ్డు పక్కన అరటిగెలలు గోడల్లా పేర్చి ఉన్నాయి. మా ఊళ్ళో డజను కొనే ధరకు అక్కడ రెండు డజన్లు ఇచ్చి, పైన రెండు పళ్ళు వేశారు. ఆ రెండూ దేనికని అడిగాను. "దారిలో తింటారని అండి," అంది పళ్ళమ్మే అమ్మాయి. దారిలో తినడానికే డజన్లు కొన్నామని చెప్పాలనిపించింది గానీ, అంత మర్యాదకు ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు.

మంచి మెకానిక్ ఎక్కడున్నాడని ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఒకే పేరు చెప్పారు. కొత్తపేట అబ్బులుగారు. ఇటేనా అంటే "ఆయ్" అన్నారు. మా వైపు ఎవరైనా "ఆఁ" అంటే ఇక పొమ్మని అర్థం. ఇక్కడి "ఆయ్" తర్వాత మనిషి ఇంకా నిలబడే ఉంటాడు, మనం వెళ్ళేదాకా.

కొత్తపేట

కాలువ గట్టున రేకుల షెడ్డు. నేను బండి తెచ్చి షెడ్డు ముందు పెట్టి, ఒకసారి యాక్సిలేటర్ గట్టిగా తొక్కి రేజు ఇచ్చి తాళం తిప్పేశాను. జీపు నాటి అలవాటు.

లోపలినుంచి యాభై ఏళ్ళాయన చేతులెత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. బండి దాకా వచ్చి, చావు కబురు విన్నవాడిలా నిలబడ్డాడు. ఆయనే అబ్బులుగారు.

"ఆపేసేరాండి?"

"ఆపాను."

"రేజిచ్చి మరీ ఆపేసేరు. ఆ చివర్న రేజు దేనికండి?"

"అలవాటు."

"అదేనండి, దేనికి?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఇస్తున్నాను. నాకు నేర్పినవాడూ ఇచ్చేవాడు.

అబ్బులుగారు బానెట్ ఎత్తి, ఒక రబ్బరు గొట్టాన్ని తడిమి, కొత్త క్లిప్పు బిగించారు. ఈల పోయింది. క్లిప్పు ముప్పై రూపాయలు, చేతికూలి తీసుకోలేదు. తర్వాత ఇంకో గొట్టం ఊడదీసి టర్బో లోపలి చిన్న ఫ్యానును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశారు.

"ఇంకా బాగానే ఉందండి. మీ దయ వల్ల కాదు లెండి, కొత్తది కాబట్టి."

ఇది రెండోదని, మొదటిది డ్రైవరు చంపేశాడని చెప్పాను. ఎలా పోయిందో చూడాలండీ అన్నారాయన. నా దగ్గర సాక్ష్యం ఉంది కదా. గోనెసంచి తెచ్చి ఇచ్చాను.

అబ్బులుగారు దాన్ని వెలుతురులోకి తిప్పి చూశారు. స్క్రూడ్రైవరు మొనతో లోపల గీకితే నల్లటి పెళ్ళలు రాలాయి. మాడిన గిన్నె అడుగు గీకితే వచ్చేవాటిలాగే ఉన్నాయి.

"మీ డ్రైవరు స్పీడుగా కొట్టేవాడాండి?"

"అతివేగం," అన్నాను.

"అయితే అయ్యుండొచ్చు గానీ, ఇది స్పీడుతో పోయింది కాదండి. ఆపడంతో పోయింది."

అర్థం కాలేదన్నాను. ఆయన స్టూలు జరిపి నన్ను కూర్చోబెట్టి, టీ చెప్పి, చదువురానివాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు.

"ఇందులో ఒక ఫ్యానుంటదండి. ఇంజను వదిలిన పొగ దాన్ని తిప్పుద్ది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుద్దండి. పొగ వేడికి ఎర్రగా కాలిపోద్ది. అయినా బతికుంటది, ఎందుకంటే ఇంజను నూనె దాని ఇరుసు చుట్టూ పారతా చల్లబరుస్తుంటది. మీరు తాళం తిప్పేరు. ఇంజనాగింది, నూనె తోసే పంపూ ఆగింది. ఆ ఫ్యానుకి ఆగమని ఎవరూ చెప్పలేదు కదండీ? అది తిరుగుతానే ఉంటది. నూనె చుక్క రాదు. అక్కడున్న కాస్తా మాడి బొగ్గైపోద్ది. ఆ బొగ్గు దారికి అడ్డం పడద్ది. మీరు చివర్న రేజిచ్చేరంటే, దాన్నింకా జోరుగా తిప్పి మరీ నూనె కట్టేసినట్టండి."

"మరి వేగంగా నడిపితే పోదా?"

"బండి ఉన్నది నడవడానికే కదండీ. జోరుగా వచ్చినా, ఆఖరి అర కిలోమీటరు నెమ్మదిగా వచ్చి, ఆగేక రెండు నిమిషాలు ఇంజన్ని ఊరికే తిరగనిస్తే చాలండి. స్టార్టు చేసినప్పుడు కూడా ఒక నిమిషం ఆగండి, నూనె పైకెక్కాలి కదా. నూనె టైముకి మార్చండి. గాలి ఫిల్టరు దులపండి. అంతకంటే అది మిమ్మల్నేం అడగదండి." పాత టర్బోను మళ్ళీ తిప్పి చూశారు. "దీన్ని మాత్రం వేడివేడిగా పరిగెత్తించుకొచ్చి టక్కున ఆపేసేడండి. ఒకసారి కాదు, ఎన్నోసార్లు, ఒకేలాగ. ఎవరో పక్కనుండి చేయించినట్టు."

టీ వేడిగా ఉంది. గ్లాసు కింద పెట్టాను.

"మందిరం గేటు," అంది సలోమి. అంతే అంది.

బైబిలు కథలో దీపాల్లో నూనె తక్కువై పెళ్ళివారి తలుపు బయట మిగిలిపోయిన అయిదుగురు కన్యకల మీద నేను ఇరవైసార్లయినా ప్రసంగించి ఉంటాను. నూనె నిండుగా ఉండి కూడా ఇరుసుకు అందకపోవడం అనే సంగతి ఒకటుందని కొత్తపేటలో తెలిసింది.

అమలాపురం

ఆ సాయంత్రం లాడ్జి ముందు బండి ఆపి, తాళం మీద చెయ్యి పెట్టి, రెండు నిమిషాలు కూర్చున్నాను. వాచీ చూస్తూ కూర్చోవడం దండగ కాబట్టి ప్రార్థన చేద్దామన్నాను.

"వద్దు," అంది సలోమి. "రెండు నిమిషాల్లో ప్రార్థన ముగించడం మీకు చేతకాదు. డీజిలైపోతుంది."

వాచీ చూశాను.

అబ్బులుగారు చెప్పింది నిజమో కాదో నాకెలా తెలుసని ఆ రాత్రి సలోమితో అన్నాను. దారిన పోయే మెకానిక్ మాట మీద ముగ్గురు పెద్దలు సంతకం చేసిన కాగితం మార్చలేం కదా. అదీగాక దానియేలు విచారణ రోజున నోరు మెదపలేదు. తప్పు లేనివాడైతే చెప్పుకునేవాడు. సలోమి దుప్పటి కప్పుకుని అటు తిరిగింది. నిద్రపోయిందనుకున్నాను.

పొద్దున్నే గడియారస్తంభం దగ్గర పెసరట్టు తిన్నాం. పెసరట్టులో ఉప్మా పెట్టి ఇచ్చారు. మా వైపు అవి రెండు టిఫిన్లు, ఇద్దరు తింటారు. ఇక్కడ ఒకరే తిని, చేతులు కడుక్కుని పనికి వెళుతున్నారు.

అక్కడ చిన్న ప్రమాదం జరిగింది. స్టార్టు చేసి, చెప్పిన ప్రకారం ఒక నిమిషం కదలకుండా కూర్చున్నాను. హోటలు ముందు నిలబడ్డ నలుగురు వచ్చి బండి వెనక చేతులు వేశారు.

"ఇంజను తిరుగుతూనే ఉందండీ," అని అరిచాను.

"ఆయ్, తిరుగుతుందండి. కదలట్లేదు కదండీ," అని, హోటల్లోంచి వచ్చిన అయిదో మనిషిని కూడా కలుపుకుని తోశారు. అడక్కుండా సాయం చేసేవాళ్ళను ఎలా ఆపాలో నాకు తెలియలేదు. ఎదురుగా పూలబండి ఉంది. బ్రేకు తొక్కితే వాళ్ళు ఇంకా గట్టిగా తోశారు. చివరికి గేరు వేసి వెళ్ళిపోవలసి వచ్చింది. వెనక చప్పట్లు వినిపించాయి.

అల్లవరం

సముద్రం వైపు వెళ్ళేకొద్దీ వరిచేలు పోయి రొయ్యల చెరువులు వస్తాయి. చెరువుల్లో నీటికి గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ ఉంటాయి. సత్తిరాజుగారి ఇల్లు నాలుగు చెరువుల మధ్య ఉంది.

మా వైపు చుట్టం వస్తే లోపలినుంచే "రాండి" అంటాం. ఇక్కడ ఇంటిల్లిపాదీ రోడ్డు మీదికి వస్తారు. సత్తిరాజుగారు, మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఆయన భార్య, అందరూ బండి తలుపు దగ్గరికి వచ్చేశారు. నేను ఇంజను ఆపలేదు. దిగలేదు. ఇంకా ఒక నిమిషం నలభై సెకన్లు ఉంది.

ఆవిడ మొహం మారింది. "ఇంజనాపలేదేంటండి? మావల్లేదైనా పొరపాటు జరిగిందాండి? ఇలా వచ్చి అలా వెళ్ళిపోతారాండి?" అని సలోమిని అడిగింది.

"లేదమ్మా, లోపల ఫ్యాను చల్లబడాలి," అంది సలోమి.

ఆవిడకు ఇంకా కష్టం వేసినట్టుంది. ఎండలో వచ్చినవాళ్ళను ఫ్యాను వదిలి దిగమంటున్నామే అనుకుందేమో. సత్తిరాజుగారికి మాత్రం వెంటనే అర్థమైంది. "టర్బోనండి," అని భార్యకు చెప్పి, చేతులు కట్టుకుని బండి పక్కన నిలబడ్డారు. ఎదురింటివాళ్ళూ వచ్చి నిలబడ్డారు. ఎవరైనా పెద్దమనిషి పోయినప్పుడు తప్ప అంత మంది అంతసేపు మౌనంగా నిలబడటం నేను చూడలేదు.

అన్నాల దగ్గర పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, మామిడికాయ పప్పు వడ్డించారు. రొయ్యలు లేవు. "శనివారం అండి, నీచు ముట్టం," అన్నారు సత్తిరాజుగారు, తప్పు చేసినట్టు. గుడ్‌ఫ్రైడేకి ఉపవాసముండే మాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. చుట్టూ లక్షల రొయ్యలు, మధ్యలో మేం పనసపొట్టు తింటున్నాం. ఆవపెట్టిన ఆ కూర గురించి నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

భోజనం మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు మోగింది. కాసేపటికి కరెంటు వచ్చినా జనరేటరు ఆగలేదు.

"ఆపలేదేం?" అన్నాను.

"లోడు తీసేసేమండి. ఖాళీగా కాసేపు తిరగనిచ్చి ఆపుతాం. దానికీ టర్బో ఉంది కదండీ. టక్కున ఆపేస్తే మాడిపోద్దండి."

చెరువు గట్టున కూడా నాకు అదే పాఠం చెప్పారు. ఇద్దరు సాక్షుల నోట ఏ మాటైనా స్థిరపడాలన్నది మేం నమ్మే నియమం. రెండో సాక్షి జనరేటరు.

"ఉత్తరం తెచ్చేరాండి మాస్టారూ?" అని తాంబూలం వేళ సత్తిరాజుగారు అడిగారు. "మనిషిని చూస్తే మంచోడిలాగే ఉన్నాడండి. కానీ తెల్లారగట్ల రొయ్య పట్టేక ఐసు వేసుకుని వెళ్ళాలి, రెండు పక్కలా నీళ్ళు. నా పాత డ్రైవరు జోరుకి బండిని చెరువులో దింపేడండి. రొయ్యలు మళ్ళీ చెరువులోకే వెళ్ళిపోయేయి, చచ్చిపోయి. అజాగ్రత్త అని ఒక్క ముక్క ఉంటే మాత్రం నేను పెట్టుకోనండి. సోమవారంలోగా ఎవరో ఒకరు కావాలి నాకు."

ఆ ముక్క నా జేబులో ఉంది. చెయ్యి జేబు మీదికి వెళ్ళింది కూడా.

"దానియేలుతో ఒక మాట మాట్లాడి ఇస్తాను," అన్నాను.

బయటికి వచ్చి స్టార్టు చేసి ఒక నిమిషం కూర్చున్నాం. ఈసారి ఎవరూ తొయ్యలేదు. అందరూ వరసగా నిలబడి వాచీలు చూసుకున్నారు.

రాజోలు

ఆదివారం ఉదయం దానియేలు అత్తగారి ఊరి మందిరానికి వెళ్ళాం. తాటిపాక దాటాక లోపలికి, కాలువ మీద చిన్న వంతెన దాటితే వస్తుంది. దానియేలు వెనక వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. నేలలో పాతిన గుణపానికి కొబ్బరికాయలు గుచ్చి ఒలిచే పనికి వెళుతున్నాడట. ఆ పనికి అతని చేతులు కొత్త.

ఆ సంఘంవాళ్ళు పాటలు మాకంటే నెమ్మదిగా పాడతారు, పంచె కట్టినవాళ్ళు మాకంటే ఎక్కువ, ప్రసంగం మాకంటే చిన్నది. పై ఊరినుంచి వచ్చిన పెద్దనని ముగింపు ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. చేశాను. గొంతు బాగా పలికింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం దానియేలు ఇంట్లో చేపల పులుసు. అరుగు మీద కూర్చున్నాం. ఏ విధంగా మొదలుపెట్టాలో నాకు తెలియక ఊరి గురించి అడుగుతుంటే అతనే అన్నాడు:

"ప్రార్థన బాగా చేసేరండి మాస్టారూ. అచ్చం ఆవేళలాగే." పది నెలల్లో అతని మాట గోదావరి మాటైపోయింది.

"ఏ వేళ?"

"నా విచారణప్పుడండి. మీరు తీర్మానం చదివేరు. నేను లేచేను, ఒక మాట చెప్పుకుందామని. మీరు ప్రార్థన మొదలెట్టేరు. ప్రార్థనలో మాట్లాడకూడదు కదండీ. ఆమెన్ అయ్యేసరికి అందరూ చెప్పులు తొడుక్కుంటున్నారు."

"ఏం చెప్పాలనుకున్నావు?"

"బిల్లిచ్చినప్పుడు మెకానిక్కు నాతో అన్నాడండి. బండి టక్కున ఆపొద్దు, దానికే పోయింది అని. గేటు కాడ ఆపకుండా రెండు నిమిషాలు బయటుంచుతానని అడుగుదామనుకున్నానండి. అంతే."

నేను సలోమి వైపు చూశాను.

"లేచి నిలబడ్డాడు. నేను చూశాను," అంది.

"నాకు చెప్పలేదేం?"

"మీరు ప్రార్థనలో ఉన్నారు. తర్వాత తీర్మానం మీద సంతకాల్లో ఉన్నారు. తర్వాత పది నెలలూ సరిగ్గానే చేశామంటూ ఉన్నారు."

దానియేలు నా ఆకులో పులుసు వేస్తూ, "స్పీడు మాత్రం నిజమేనండి," అన్నాడు. "మరియమ్మ మామ్మగారు ఇంటికి తాళం వేసి, మళ్ళీ తీసి చూసుకుని, మళ్ళీ వేసేసరికి పావుగంట పట్టేది. ఆవిణ్ణి వదిలి రాలేను. ఆలస్యమైతే మీరు గద్దిస్తారు. అందుకని తొక్కేవాణ్ణి. అదీ రాయండి ఉత్తరంలో."

"దానియేలూ, అన్నం తిను," అంది సలోమి.

చెయ్యి కడుక్కుని, బండి బానెట్ మీద కాగితం పెట్టి కొత్త ఉత్తరం రాశాను. పాతదాన్ని చింపలేదు. అది ముగ్గురిది, ముగ్గురి ముందే పెట్టాలి. కొత్తది నా ఒక్కడిది.

"దానియేలు మా సంఘపు వాహనాన్ని నాలుగేళ్ళు నడిపాడు. ఎక్కిన ఒక్క మనిషికీ గీత పడలేదు. వేగంగా నడిపేవాడు. అది ఒక వృద్ధురాలిని వదిలి రాలేకపోవడం వల్ల, ఆలస్యమైతే నేను గద్దిస్తానన్న భయం వల్ల. టర్బో చెడిపోయింది వేగం వల్ల కాదు, వేడి ఇంజనును గేటు దగ్గర ఉన్నపళంగా ఆపడం వల్ల. అలా ఆపమని ఆజ్ఞ పెట్టింది నేను. అతను ఒక్క ఆదివారం కూడా ఆ ఆజ్ఞ తప్పలేదు."

దానియేలు గుడ్డ చుట్టిన వేళ్ళతో పట్టుకుని రెండుసార్లు చదివాడు. నేను క్షమించమన్నాను. అతను ఉత్తరాన్ని మడిచి, "పంటు దాకా నేను నడపనాండి?" అన్నాడు.

పంటు

సఖినేటిపల్లి రేవులో బండ్లనూ మనుషులనూ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవను పంటు అంటారు. అవతలి ఒడ్డు నరసాపురం, మా దారి అటే.

దానియేలు స్టార్టు చేసి, నేను చెప్పకుండానే ఒక నిమిషం ఆగాడు. కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద బండిని చాలాకాలం తర్వాత ఇల్లు చేరినవాడిలా నడిపాడు. జోరు అలాగే ఉంది. సలోమి పైన పిడి పట్టుకుంది.

రేవు గేటు కనిపించింది. దానియేలు కుడిచెయ్యి దానంతటదే తాళం మీదికి వెళ్ళింది. నాలుగేళ్ళు నేను నేర్పిన చెయ్యి. సగంలో ఆగి నా వైపు చూశాడు.

"ఉండనీ," అన్నాను.

పంటు నిండుతోంది. టికెట్టాయన ఎక్కమని చెయ్యి ఊపాడు. ఎక్కితే ఇంజను వెంటనే ఆపాలి, అక్కడి నియమం.

"రెండు నిమిషాలండీ," అన్నాడు దానియేలు కిటికీలోంచి.

"నీకోసం గోదారి ఆగుద్దేంటయ్యా?" అని టికెట్టాయన గొలుసు వేసేశాడు. పంటు వెళ్ళిపోయింది. మేం ముగ్గురం ఇంజను మోత వింటూ, అది అవతలి ఒడ్డుకు వెళ్ళడం చూస్తూ కూర్చున్నాం. రెండు నిమిషాలు కాగానే దానియేలు తాళం తిప్పాడు. ఇంజను మెత్తగా ఆగింది. తర్వాతి పంటుకు నలభై నిమిషాలు పట్టింది. కొబ్బరిబొండాలు ఇరవైకి ఒకటి చొప్పున మూడు తాగాం. మా వినుకొండలో అందులో సగం నీళ్ళకు యాభై.

ఇంటి దగ్గర

సోమవారం సాయంత్రం సత్తిరాజుగారు ఫోన్ చేశారు.

"ఉత్తరం చదివేనండి మాస్టారూ. దీని ప్రకారం చూస్తే ఉద్యోగంలోంచి తియ్యాల్సింది మిమ్మల్నండి."

"అవునండి," అన్నాను.

"దానియేలు రేపట్నుంచి వస్తాడండి. జోరు సంగతి నేను చూసుకుంటాను. ఇక్కడ మీ ముసలావిణ్ణి ఎక్కించుకోడు కదా."

ఆ వారం పెద్దలకు పాత ఉత్తరం తిరిగి ఇచ్చి, టర్బోలోని నల్లపెళ్ళలు చూపించాను. తీర్మానం కొట్టేశాం. ఆదివారం నేనే బండి నడిపాను. మరియమ్మ మామ్మ తాళం మూడుసార్లు చూసుకునేదాకా ఆగాను. ఆరాధనకు పదిహేను నిమిషాలు ఆలస్యమైంది. గేటు బయట రెండు నిమిషాలు ఇంజను మోగుతూనే ఉంది. లోపల ప్రార్థన చేస్తున్నవాళ్ళలో సగంమంది కళ్ళు తెరిచి చూశారు. లోపలికి జరగడం మాత్రం ఇప్పుడు ఇంజనుతోనే. ఇంజను ఆగితే బ్రేకు కూడా సరిగా పట్టదని, ఇన్నాళ్ళు మమ్మల్ని దేవుడే ఆపాడని అబ్బులుగారు ఫోన్లో చెప్పారు.

ఆరాధన చివర నేను లేచి, దానియేలుకు రాసిన ఉత్తరం నకలు చదివాను. తర్వాత అలవాటుగా ముగింపు ప్రార్థనకు చేతులెత్తబోయి దించాను. ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగి, వాచీ చూస్తూ నిలబడ్డాను.

మొదటి నిమిషం ఎవరూ కదల్లేదు. ఇంకో అర నిమిషం గడిచాక మరియమ్మ మామ్మ ముందు బెంచీ పట్టుకుని లేచింది.

"ఆలస్యం నాదయ్యా. ఆ పిల్లాడిది కాదు. ఆ రోజే చెబుదామనుకున్నా, నువ్వు కళ్ళు మూసుకున్నావు."

ఆమె కూర్చుంది. రెండు నిమిషాలు అయిపోయాయి. నేను ఇంకా చేతులెత్తలేదు. వెనకనుంచి ఇంకొకాయన లేచి, ఆడవాళ్ళ వైపు ఫ్యాను తిరగక మూడేళ్ళయిందన్నాడు. ఆయన పక్కనుంచి ఇంకొకామె లేచింది.

ఆ రోజు ముగింపు ప్రార్థన ఒంటిగంటకు చేశాను. చిన్నదే.